మూడవ సాలార్ జంగ్: వస్తువు, దాని పెట్టె

క్రొత్త వస్తువు ఇంటికి రాగానే మనము మొదట చేసే పని దాని పెట్టెను పారవేయుట. వస్తువే ముఖ్యము, పెట్టె దండుగ అని మన తలంపు. పురాతన వస్తువులను సేకరించే వారి దృష్టి వేరు. పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాలలో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల పనివారు శ్రీమంతుల కొరకు చేసిన జంట పిస్తోళ్ళను చక్కని కొయ్యపెట్టెలో అమర్చి అమ్మేవారు. లోపల పచ్చని ఉన్నిగుడ్డ పరచి, మందుబుడ్డి, గుండ్లు పోతపోసే అచ్చు, మరలు విప్పే సాధనం, తుడిచే కడ్డీ, వీటన్నిటికీ వేర్వేరు గదులు కట్టేవారు. మూత లోపలి చీటీపై తయారుచేసినవాని పేరు, అంగడి చిరునామా ఉండేవి. అంగడి ఏ యేట ఏ వీధిలో ఉన్నదో తెలిసినచో పిస్తోలు వయస్సును లెక్క కట్టవచ్చును. తరువాతి కాలంలో అట్టపెట్టెలు వచ్చినవి. కొన్ని పెట్టెలపై తుపాకి సంఖ్యను కూడ వ్రాసేవారు. రెండు సంఖ్యలు ఒకటైనచో అది తుపాకితో పుట్టిన పెట్టె అని నిశ్చయించవచ్చును. తుపాకిని దాచినవారు పెట్టెను దాచలేదు కనుక పెట్టెయే అరుదైనది. 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వరు ఒకటి తన తొలినాటి పెట్టెతో సహా 2018లో అమెరికా వేలంలో పద్దెనిమిది లక్షల డాలర్లకు మించి పలికినది.

ఈ దృష్టితో చూచినప్పుడు మన హైదరాబాదు మహాసంగ్రాహకుని జీవితం మనకొక పాఠము. మూడవ సాలార్ జంగ్‌గా ప్రసిద్ధులైన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పూనాలో జన్మించినారు. నెల తిరుగకముందే తండ్రి రెండవ సాలార్ జంగ్ గతించినారు. తాత మొదటి సాలార్ జంగ్ ముప్పది యేండ్లు నిజాము రాజ్యానికి దివానుగా ఉండి కీర్తి గడించినవారు. మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహాన్ని 1876లో రోము నగరంలో కొన్నది ఆయనయే. కనుక మనుమనికి సేకరణ అభిరుచి వంశధనముగా వచ్చినదనవచ్చును.

1912లో ఇరువది మూడేండ్ల ప్రాయంలో ఆయన ఏడవ నిజామునకు దివాను అయినారు. రెండేండ్లకే 1914లో ఆ పదవిని వదలినారు. అటుపిమ్మట ఆయుర్దాయమంతా, ధనమంతా వస్తు సేకరణకే వెచ్చించినారు. చిత్రాలు, గ్రంథాలు, దంతపు పనులు, గడియారాలు, కత్తులు, బాకులు, తుపాకులు దివాన్ దేవిడీ గదులను నింపినవి. వివాహము చేసికొనలేదు. 1949 మార్చి 2న కన్ను మూసినారు.

అప్పుడు తలయెత్తినది అసలైన చిక్కు. ఏ వస్తువు ఎక్కడ దొరికినదో, ఎందుకు కొన్నారో చెప్పగలిగిన మనిషి లేరు. సంతానము లేదు. ప్రభుత్వము ఎస్టేటు సంఘాన్ని నియమించినది. నాటి పరిపాలకులు వెల్లోడి సంకల్పంతో, కళావిమర్శకులు జేమ్స్ కజిన్స్ తోడ్పాటుతో చెల్లాచెదరుగా ఉన్న వస్తువులను ఒక క్రమములో పెట్టినారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రదర్శనశాలను ప్రారంభించినారు. 1961లో పార్లమెంటు చట్టము దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. 1968లో అది మూసీ దక్షిణపు టొడ్డున నూతన భవనానికి మారినది.

ఆయన సేకరించిన దానిలో సగమే నేడు మిగిలినదని, తక్కినది నౌకర్ల చేతివాటము వలన, తరలింపుల వలన పోయినదని ఒక మాట ప్రచారములో ఉన్నది. అందులో నిజము పాలు ఎంతైనను, ఒక్క సంగతి స్పష్టము. చీటీ, సంఖ్య, పెట్టె తోడున్న వస్తువును ఎక్కడ కనుగొన్నను ఇది ఫలానా వారిదని నిరూపించవచ్చును. అవి లేని వస్తువు చేతులు మారినచో దానికి యజమాని లేడు, చరిత్ర లేదు. అందుచేతనే మోసగాండ్రు పాత పెట్టెలను సైతము క్రొత్తగా కల్పిస్తారు.

మరిపెడ వంటి ఊళ్ళ నుండి ఉపాధ్యాయులు పిల్లలను హైదరాబాదు యాత్రకు తీసికొనిపోయినప్పుడు సాలార్ జంగ్ ఆయుధాల గదిలో కొంత నిలువవలెను. కత్తి పదునును చూపిన పిమ్మట, ఈ వస్తువు ఎవరిది, ఎట్లు తెలిసినది అని పిల్లలను అడుగవలెను. ఇంటికి వచ్చి, తాతగారి కొయ్యపెట్టెలోని వస్తువుల పేర్లు, వచ్చిన సంవత్సరాలు పెద్దలు బ్రతికియుండగనే వ్రాయించి, ఆ కాగితాన్ని ఆ పెట్టెలోనే ఉంచుమని చెప్పవలెను.