తెన్నేటి విశ్వనాథం

తెన్నేటి విశ్వనాథం (సెప్టెంబరు 12, 1895 - నవంబరు 10, 1979) ప్రముఖ స్వాతంత్ర్య సమరయోధుడు, న్యాయవాది, రచయిత, ఆంధ్ర రాష్ట్ర తొలి మంత్రివర్గ సభ్యుడు. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం స్థాపించాలని సాగిన ఉద్యమానికి నాయకత్వం వహించాడు. కాంగ్రెసులో ప్రారంభమైన ఈయన రాజకీయ జీవితం తరువాత ప్రతిపక్షంలోను, స్వతంత్ర సభ్యుడిగాను కొనసాగింది. పట్టణ ఓటర్లు, గ్రామీణ ఓటర్లు కూడా ఈయనను చట్టసభలకు పంపారు.

తొలి జీవితం

విశ్వనాథం విశాఖపట్నం జిల్లా లక్కవరం గ్రామంలో జన్మించాడు. న్యాయశాస్త్రం చదివి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. టంగుటూరి ప్రకాశం పంతులుకు సన్నిహిత అనుచరుడయ్యాడు. జాతీయోద్యమంలో పలుమార్లు కారాగారవాసం అనుభవించాడు.

1937లో కాంగ్రెసు అభ్యర్థిగా మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యాడు. రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉండగా ఆయనకు పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశాడు. ఆనాడు ఓటు హక్కు అందరికీ లేదు. ఆస్తి, పన్ను చెల్లింపు, చదువు వంటి అర్హతలు ఉన్నవారు మాత్రమే ఓటర్లు. వయోజనులందరికీ ఓటు లభించినది స్వాతంత్ర్యానంతరమే.

కాంగ్రెసుకు దూరం

1951లో ప్రకాశం కాంగ్రెసును వీడినపుడు విశ్వనాథం ఆయన వెంట నడిచాడు. ఆచార్య కృపలానీ నాయకత్వంలోని కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరాడు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం నుండి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉంచేవారు. చదువురాని ఓటర్లు పెట్టెపై ఉన్న గుర్తును చూసి ఓటు వేసేవారు. కాంగ్రెసు గుర్తు కాడి ఎడ్లు, ప్రజా పార్టీ గుర్తు గుడిసె.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ప్రకాశం మంత్రివర్గంలో విశ్వనాథం ఆర్థిక మంత్రి అయ్యాడు. మద్యనిషేధ సమస్యపై 1954 నవంబరులో వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గడంతో ఆ ప్రభుత్వం పడిపోయింది.

మాడుగుల ఎన్నిక

1962లో విశ్వనాథం మాడుగుల నియోజకవర్గం నుండి స్వతంత్ర అభ్యర్థిగా ఆంధ్ర ప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యాడు. తూర్పు కనుమల పాదాన ఉన్న మాడుగుల చిన్న గ్రామీణ పట్టణం, హల్వాకు ప్రసిద్ధి. 2022 నుండి ఇది అనకాపల్లి జిల్లాలో ఉంది. స్వతంత్ర అభ్యర్థికి గ్రామాలలో ఎన్నిక సులభం కాదు. కాడి ఎడ్ల గుర్తు దేశమంతటా పరిచితమైనది. స్వతంత్రుడు తనకు కేటాయించిన గుర్తును ఆ ఎన్నికలోనే ఓటర్లకు తెలియజెప్పుకోవాలి. పార్టీ యంత్రాంగం అండ కూడా ఉండదు.

ఉక్కు ఉద్యమం

ఐదవ ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైనదని ఆంగ్లో-అమెరికన్ నిపుణుల సంఘం 1965లో సిఫారసు చేసింది. కేంద్రం నిర్ణయం ఆలస్యం కావడంతో ఆందోళన మొదలైంది. 1966 అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్ష పూనాడు. అఖిలపక్ష కార్యాచరణ సంఘానికి విశ్వనాథం నాయకత్వం వహించాడు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. పలువురు ప్రతిపక్ష శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు రాజీనామా చేశారు.

1967 లోక్‌సభ ఎన్నిక

కాల్పులు జరిగిన కొద్ది నెలలకే సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. దేశం మొత్తం మీద 1962లో సుమారు 55 శాతంగా ఉన్న పోలింగు ఈసారి సుమారు 61 శాతానికి పెరిగింది. ఆంధ్ర ప్రదేశ్‌లోని 41 లోక్‌సభ స్థానాలలో కాంగ్రెసు 35 గెలుచుకున్నది. విశాఖపట్నంలో మాత్రం స్వతంత్ర అభ్యర్థి విశ్వనాథం విజయం సాధించాడు.

ఈ స్థానం అంతకుముందు కూడా ఒకే పార్టీకి కట్టుబడి లేదు. 1952లో స్వతంత్రుడైన లంకా సుందరం, 1957లో సోషలిస్టు పి.వి.జి. రాజు, 1962లో కాంగ్రెసు అభ్యర్థి విజయనగరం మహారాజకుమార్ ఇక్కడ గెలిచారు. పార్టీ కంటె వ్యక్తికి, స్థానిక సమస్యకు ఇక్కడి ఓటర్లు ప్రాధాన్యమిచ్చారని ఈ ఫలితాలను బట్టి భావించవచ్చు. 1971లో ఈ స్థానం తిరిగి కాంగ్రెసుకు దక్కింది. అప్పటి విజేత పి.వి.జి. రాజే.

విశ్వనాథం లోక్‌సభ సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1970 ఏప్రిల్ 17న, ప్రధాని ఇందిరా గాంధీ విశాఖ ఉక్కు కర్మాగారాన్ని పార్లమెంటులో ప్రకటించింది. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసింది.

రచన, స్మృతి

ప్రకాశం ఆత్మకథ నా జీవిత యాత్ర నాలుగవ భాగాన్ని ఆయన మరణానంతరం విశ్వనాథం రచించాడు. విశ్వనాథం 1979లో మరణించాడు. కర్మాగారం 1992లో జాతికి అంకితమయ్యేనాటికి ఆయన లేడు. విశాఖ సాగరతీరంలోని తెన్నేటి పార్కుకు ఆయన పేరు పెట్టారు. 2004లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినపుడు, 1966 నాటి ఉద్యమం మరల చర్చకు వచ్చింది.