చేతిరాతతోనే శిక్ష.. చేతిరాతతోనే విముక్తి! ఎవరీ కెప్టెన్ డ్రైఫస్?

చెక్ బౌన్స్ కేసుల్లో తరచూ వినిపించే వాదన ఒకటుంది. చెక్కు మీద సంతకం తనది కాదని, నిపుణుడికి పంపి పోల్చి చూడాలని నిందితుడు కోర్టును కోరుతుంటాడు. మరి ఆ నిపుణుడే పొరబడితే? 130 ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఓ ఆర్మీ ఆఫీసర్ జీవితం అలాగే తలకిందులైంది. ఆయనే ఆల్ఫ్రెడ్ డ్రైఫస్.

ఒక్క కాగితంతో అరెస్ట్

1859 అక్టోబర్ 9న ములూజ్ పట్టణంలో ఓ యూదు వ్యాపార కుటుంబంలో డ్రైఫస్ పుట్టారు. వాళ్లది బట్టల మిల్లుల వ్యాపారం. 1871లో ఆ ప్రాంతం జర్మనీ చేతికి వెళ్లినా, ఆ కుటుంబం ఫ్రాన్స్ పౌరసత్వాన్నే ఎంచుకుంది. డ్రైఫస్ సైన్యంలో చేరి కెప్టెన్ అయ్యారు.

1894లో పారిస్‌లోని జర్మన్ ఎంబసీ చెత్తబుట్ట నుంచి ఓ చిరిగిన కాగితం ఫ్రెంచ్ నిఘా విభాగానికి చేరింది. తేదీ లేదు, సంతకం లేదు. ఎవరో సైనిక రహస్యాలు జర్మనీకి అమ్ముతున్నారని మాత్రం తెలుస్తోంది. అనుమానం డ్రైఫస్ మీదికి మళ్లింది. అక్టోబర్ 15న ఆఫీసుకు పిలిపించి, డిక్టేషన్ చెప్పి రాయించారు. అక్కడికక్కడే అరెస్ట్ చేశారు.

పోలినా ఆయనే.. పోలకపోయినా ఆయనే!

బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ నిపుణుడు ముందుగా ఆ రాత చూసి, ఇది వేరొకరిది కావచ్చని తేల్చారు. అది పై అధికారులకు నచ్చలేదు. దాంతో పారిస్ పోలీసు శాఖలోని బెర్టిలాన్‌ను రంగంలోకి దించారు. శరీర కొలతలతో నేరస్థులను గుర్తించడంలో ఆయన దిట్ట. చేతిరాత మాత్రం ఆయన సబ్జెక్ట్ కాదు. అయినా అది డ్రైఫస్ రాతే అన్నారు. మరి తేడాల సంగతేంటంటే, కావాలనే తన రాతను మార్చి రాశాడని వాదించారు. మరో ముగ్గురు నిపుణుల్లో ఇద్దరు డ్రైఫస్‌కు వ్యతిరేకంగా, ఒకరు అనుకూలంగా చెప్పారు.

డిఫెన్స్ లాయర్‌కు తెలియకుండా జడ్జిలకు ఓ రహస్య ఫైలు కూడా అందింది. డిసెంబర్ 22న యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. అందరి ముందూ బ్యాడ్జీలు పీకేసి, కత్తి విరిచి అవమానించారు. డెవిల్స్ ఐలాండ్‌లో నాలుగేళ్లకు పైగా ఒంటరి జైలు. కొన్నాళ్లు రాత్రిళ్లు కాళ్లను మంచానికి బిగించేవారు.

గుర్తుపట్టేశాడు

1896లో కల్నల్ పికార్‌కు ఎస్టర్‌హాజీ అనే మేజర్ రాసిన ఉత్తరాలు దొరికాయి. పక్కపక్కన పెట్టి చూస్తే అదే రాత! పై అధికారులు పట్టించుకోలేదు సరికదా, పికార్‌ను ట్యునీషియాకు పంపేశారు. ఈలోగా ఆ కాగితం నకలు పేపర్లో వచ్చింది. డ్రైఫస్ అన్న మాథ్యూ దాని కాపీలు ఊరంతా పంచారు. 1897లో ఓ బ్యాంకర్ దాన్ని చూసి, అది తన క్లయింట్ ఎస్టర్‌హాజీ రాతే అని గుర్తుపట్టాడు.

అయినా 1898 జనవరిలో సైనిక కోర్టు ఎస్టర్‌హాజీని నిర్దోషిగా వదిలేసింది. దీన్ని ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాసిన రచయిత ఎమిల్ జోలాకు జైలుశిక్ష పడింది. 1899లో డ్రైఫస్‌ను మళ్లీ విచారించి మళ్లీ దోషి అన్నారు. తర్వాత క్షమాభిక్ష దక్కింది కానీ మచ్చ పోలేదు. 1904లో పాయింకరే సహా ముగ్గురు గణిత మేధావులు బెర్టిలాన్ లెక్కలన్నీ తప్పని తేల్చారు. 1906 జులై 12న డ్రైఫస్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. మళ్లీ సైన్యంలో చేరి మొదటి ప్రపంచ యుద్ధంలోనూ పనిచేశారు. సరిగ్గా 29 ఏళ్లకు, 1935 జులై 12న కన్నుమూశారు.

మన కోర్టుల్లో ఎలా?

చెక్కును నిపుణుడికి పంపాలన్న నిందితుడి వినతి న్యాయమైనదైతే అవకాశం ఇవ్వాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రిపోర్టు వచ్చినంత మాత్రాన కేసు తేలిపోదు. అది అభిప్రాయం మాత్రమే. మిగతా సాక్ష్యాలతో కలిపి చూసి జడ్జే తేల్చాలి. ఒక అభిప్రాయాన్నే తీర్పుగా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి డ్రైఫస్ పోగొట్టుకున్న 12 ఏళ్లే సాక్ష్యం.