వింత యంత్రాల చిత్రకారుడు హీత్ రాబిన్సన్

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలు హెచ్చరించారు. అయితే యుద్ధకాలంలో భీతిల్లిన హృదయాలకు ఊరట కలిగించిన నవ్వు కూడ ఉన్నది. అట్టి నవ్వును బొమ్మల ద్వారా పంచిన విలియం హీత్ రాబిన్సన్ జీవితాన్ని విద్యార్థి సోదర సోదరీమణులకు పరిచయం చేయ సంకల్పించాము.

ఆయన 1872 మే 31వ తేదీన లండను నగరంలో జన్మించారు. తండ్రి, ఇద్దరు అన్నలు కూడ చిత్రకారులే. రాయల్ అకాడమీ పాఠశాలలో శిక్షణ పొందిన విలియం ప్రకృతి దృశ్యాలను చిత్రించి పేరు గడించాలని ఆశించారు. ఆ చిత్రాలు కూడు పెట్టకపోవుటచే పుస్తకాలకు బొమ్మలు వేయసాగారు. మనకు చిరపరిచితమైన అరేబియన్ నైట్స్ కథల 1899 నాటి ఆంగ్ల ప్రచురణకు బొమ్మలు సమకూర్చిన వారిలో ఆయన ఒకరు. 1903లో వివాహమైంది. మరుసటి ఏడే, ఆయనచేత ఎన్నో బొమ్మలు వేయించుకున్న ప్రచురణకర్త దివాలా తీశారు. సంసార భారం మోయడానికి పత్రికలకు హాస్యచిత్రాలు వేయక తప్పలేదు. ఆ కష్టమే ఆయన కీర్తికి మూలమైంది.

చిన్న పనికి పెద్ద యంత్రం - ఇదే ఆయన హాస్యానికి ప్రాణం. ముడిమీద ముడి పడిన తాళ్లు, గిలకలు, కొవ్వొత్తులు, వీటిని అతి శ్రద్ధగా నడిపే బట్టతల పెద్దమనుషులు! వారి ముఖాలలోని గాంభీర్యమే మనకు నవ్వు తెప్పిస్తుంది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. అది మనకు దూరపు యుద్ధం కాదు. మన దక్కను పేరు ధరించిన అశ్వికదళం 1916లో ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో పోరాడింది. విషవాయువు ప్రాణాలు తీసిన ఆ యుద్ధంలో రాబిన్సన్ ఒక బొమ్మ గీశారు. అందులో జర్మను సైనికులు సోడా సీసాల నుండి నవ్వించే వాయువును చిమ్మగా, ఎదుటి సేన పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. శత్రువును రాక్షసునిగా చూపి ద్వేషం రగిల్చిన చిత్రాలు ఆనాడు కొల్లలు. రాబిన్సన్ మాత్రం అతనిని మనవంటి అమాయకపు మానవునిగానే చూపారు. రణరంగం నుండి సైనికులు సైతం ఆయనకు ఉత్తరాలు వ్రాసేవారు.

రెండవ ప్రపంచ యుద్ధంలోనూ ఆయన కలం విశ్రమించలేదు. 1943లో బ్లెచ్‌లీ పార్కులో జర్మనుల రహస్య సందేశాలను ఛేదించడానికి ఒక యంత్రాన్ని వాడారు. కాగితపు పట్టీలు గిలకలపై పరుగులు తీసే ఆ యంత్రానికి అక్కడివారు పెట్టిన పేరు హీత్ రాబిన్సన్! దాని తరువాతనే కొలోసస్ అనే ప్రఖ్యాత కంప్యూటరు అవతరించింది. ఈ సంగతి దశాబ్దాలపాటు రహస్యంగానే ఉండిపోయింది. 1944 సెప్టెంబరు 13న రాబిన్సన్ కన్నుమూశారు. ఆయన పేరు ఆంగ్ల నిఘంటువులకెక్కింది. ఆయన నివసించిన పిన్నరులో 2016లో ఆయన పేర మ్యూజియం వెలసింది.

యంత్రాలను నిర్మించనున్న మన విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహించవలసినది ఒకటున్నది. మన తెలివిని చూచి మనమే నవ్వుకోగలిగితే గర్వం దరిచేరదు. ద్వేషం లేని నవ్వు చేటు కాదు. ఆపదలో అది చేయూత.