పానగల్లు రాజాగారు

పానగంటి రామారాయణింగారు 1866లో జన్మించి, సంస్కృతమున పట్టభద్రులై, 1921 నుండి 1926 వరకు మదరాసు రాజధాని మంత్రివర్గమునకు నాయకులై యుండిరి. మన బెజవాడయు, కృష్ణా మండలమంతయు నాడు ఆ రాజధానిలోనివే.

1921 సెప్టెంబరున వెలువడిన ప్రభుత్వాజ్ఞలో ముఖ్యాంశ మొక లెక్క. ఏ వర్గమువారికెన్ని యుద్యోగము లొసగిరో ఆరుమాసముల కొకపరి శాఖాధిపతులు తెలుపవలెను. గ్రామ లెక్కలు వ్రాయు నాకు అందలి మర్మము బోధపడును. ఎవరి యధీనమున నేమున్నదో పద్దు లేనిచో వాటా యడుగుట కాధారమేది?

వాటాలు వారు పదవి వీడిన పిదప, 1927లో స్థిరపడెను. పండ్రెండుద్యోగములలో బ్రాహ్మణేతర హిందువుల కైదు. బ్రాహ్మణులకు రెండు, ముస్లిములకు రెండు, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి రెండు. అణగద్రొక్కబడిన కులములవారికి ఒక్కటి. ఈ ఒక్కటి నాకు న్యాయముగా దోపదు.

రాజాగారు 1928లో దివంగతులైరి. 1951లో సుప్రీముకోర్టు ఆ పద్ధతిని కొట్టివేయగా, వెనుకబడినవారికి విద్యలో చోటు నిలుపుటకై ఆ యేడే రాజ్యాంగము సవరింపబడెను.