హ్యూమ్ మహాశయుడు - భారతదేశ పక్షుల పట్టిక

1885వ సంవత్సరం డిసెంబరులో బొంబాయి నగరంలో 72 మంది ప్రతినిధులతో తొలిసారి సమావేశమైన భారత జాతీయ కాంగ్రెస్ చరిత్రను చదివిన ప్రతి విద్యార్థికీ అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ పేరు సుపరిచితమే. కాని ఆ మహాశయుడు అంతకు పూర్వం సుమారు పాతికేళ్లపాటు ఈ దేశపు పక్షిజాతులన్నింటినీ ఒక క్రమమైన పట్టికలోకి తేవడానికి చేసిన కృషి మన పాఠ్యగ్రంథాలలో అంతగా కనిపించదు. ఆ కృషి ఎంతటిదో, అది ఎట్లా భగ్నమైందో, భగ్నమై కూడా ఎట్లా నిలిచిందో విద్యార్థులు తెలుసుకొనదగిన విషయం.

హ్యూమ్ 1829లో ఇంగ్లండులో జన్మించారు. తండ్రి జోసెఫ్ హ్యూమ్ బ్రిటిష్ పార్లమెంటులో సంస్కరణవాదిగా పేరుపొందిన సభ్యుడు. హెయిలీబరీ కళాశాలలో చదివి, కొంతకాలం వైద్యశాస్త్రమును కూడా అభ్యసించి, హ్యూమ్ 1849లో బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగిగా ఇండియాకు వచ్చారు. నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో అధికారిగా ఉండి బాలబాలికలకు ఉచిత పాఠశాలలు నెలకొల్పారు. పక్షులను సేకరించి భద్రపరచే అభిరుచి ఆయనకు ఆ రోజులలోనే కలిగింది. 1857 తిరుగుబాటులో ఆ తొలి సేకరణ నాశనమైపోయింది. హ్యూమ్ నిరుత్సాహపడక మళ్లీ మొదటినుంచి ఆరంభించారు.

ఒక దేశంలోని పక్షుల పట్టిక తయారుచేయడమంటే పేర్లను వరుసగా వ్రాసుకొనడం కాదు. ఒకే పక్షిని ఇద్దరు శాస్త్రజ్ఞులు రెండు పేర్లతో వర్ణించి ఉండవచ్చు. ఆడపక్షి, మగపక్షి వేరువేరు రంగులలో ఉంటే వాటిని రెండు జాతులుగా భ్రమించడానికి అవకాశమున్నది. ఋతువును బట్టి ఈకల రంగు మార్చుకొనే పక్షులున్నాయి. చలికాలంలో మాత్రమే వచ్చి వెళ్లే వలసపక్షులున్నాయి. ఈ చిక్కులన్నీ విడదీసి, ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో నిదర్శనంతో నిర్ధారించిన తరువాతనే దానికి పట్టికలో స్థానమివ్వాలి. హ్యూమ్‌కు పూర్వం ఈ పనిని విస్తృతంగా చేసినవారు మన నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన థామస్ జెర్డన్. శాస్త్రలోకం ఆయన పేరుతోనే వ్యవహరించే కలివికోడి మన తెలుగునేలకు చెందిన పక్షి. 1862-64 సంవత్సరాలలో వెలువడిన జెర్డన్ గ్రంథంలో 1,008 పక్షిజాతులు సంఖ్యాక్రమంలో వర్ణింపబడ్డాయి.

ఆ గ్రంథాన్ని ఆధారంగా చేసుకొని దానిని సంపూర్ణం చేయాలని హ్యూమ్ సంకల్పించారు. ఇంత విశాలమైన దేశాన్ని ఒక్కడు చుట్టిరావడం అసాధ్యమని ఆయన గ్రహించారు. సింధు నుంచి బర్మా వరకు పనిచేసే అధికారులు, వైద్యులు, ఇంజనీర్లతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి వారి పరిశీలనలు తెప్పించుకొన్నారు. ప్రతి నమూనాకు తేదీ, స్థలం, కొలతలు వ్రాసిన చీటీ ఉండాలని పట్టుబట్టారు. 1872లో స్ట్రే ఫెదర్స్, అనగా రాలిన ఈకలు, అనే పేరుతో ఒక పత్రికను స్థాపించి ఆ పరిశీలనలను ప్రకటించారు. స్వయంగా సింధు ప్రాంతానికీ, అండమాన్ నికోబార్ దీవులకూ, లక్షదీవులకూ, 1881లో మణిపూరుకూ యాత్రలు చేశారు. సిమ్లాలోని ఆయన భవనమే ఒక పక్షి ప్రదర్శనశాలగా మారింది.

1879లో ఆయన తన పత్రికలో భారతదేశ పక్షుల పట్టికను ప్రకటించారు. దానికి ఆయన స్థూలమైన, తాత్కాలికమైన పట్టిక అని పేరు పెట్టుకొనడం గమనింపదగినది. జెర్డన్ ఇచ్చిన సంఖ్యలను చెరిపివేయక, కొత్తగా తెలిసిన పక్షులను వాటి నడుమ ఉపసంఖ్యలతో చేర్చారు. పూర్వుల శ్రమను గౌరవిస్తూనే సవరించే పద్ధతి అది. అదే సంవత్సరం, ప్రభుత్వ విధానాలను నిర్మొహమాటంగా విమర్శించిన కారణంగా, ఆయన కేంద్ర కార్యదర్శి పదవినుంచి తొలగింపబడ్డారు. 1882లో ఉద్యోగ విరమణ చేసి, ఇక మహాగ్రంథ రచనకే కాలమంతా వినియోగించాలని తలపోశారు.

కాని విధి మరొక విధంగా ఉన్నది. 1884 ప్రాంతంలో శీతకాలమందు ఆయన సిమ్లాలో లేని సమయాన, ఒక సేవకుడు ఆ వ్రాతప్రతులను చిత్తుకాగితాలుగా భావించి బజారులో అమ్మివేశాడు. పాతికేళ్ల పరిశ్రమ పొట్లాలు కట్టే కాగితంగా పరిణమించింది. 1857 నష్టాన్ని తట్టుకొని లేచిన మనిషి ఈసారి లేవలేదు. సుమారు 82,000 నమూనాలు గల తన సేకరణను 1885లో బ్రిటిష్ మ్యూజియమునకు ఉచితంగా ఇచ్చివేశారు. ఆ సంవత్సరాంతముననే కాంగ్రెస్ అవతరించింది. హ్యూమ్ తన శేషశక్తిని ఆ సంస్థ నిర్మాణానికి వినియోగించి, 1894లో స్వదేశానికి మరలి, వృక్షశాస్త్ర అధ్యయనంలో కాలం గడిపి, 1912 జూలై 31న పరమపదించారు.

ఆయన వ్రాయదలచిన గ్రంథం వెలువడలేదు. అయినా పట్టిక ఆగిపోలేదు. మిగిలిన వ్రాతల ఆధారంగా యూజిన్ ఓట్స్ పక్షుల గూళ్లు, గుడ్లపై హ్యూమ్ రచించిన గ్రంథాన్ని సంస్కరించి ప్రకటించారు. 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీ, అనంతర కాలంలో డిల్లన్ రిప్లీతో కలిసి 1968-74 మధ్య పది సంపుటాల మహాగ్రంథాన్ని వెలువరించారు. 2016లో ప్రవీణ్, రాజా జయపాల్, ఆశీష్ పిట్టీ అనే ముగ్గురు పరిశోధకులు ప్రకటించిన పట్టికలో 1,263 జాతులున్నాయి. ఆ తరువాత కూడా కొత్త నిదర్శనాలు లభించినప్పుడల్లా అది సవరింపబడుతూనే వచ్చింది.

హ్యూమ్ పద్ధతి విలువను నిరూపించే ఉదాహరణ ఒకటి ఉన్నది. 1867లో ఆయన సట్లెజ్ లోయలో ఒక చిన్న పిట్టను సేకరించారు. అటువంటి పిట్ట మరల ఎవరికీ కంటబడలేదు. అది వేరే జాతియా, కాదా అని శాస్త్రజ్ఞులు శతాబ్దానికి పైగా తర్కించారు. 2006లో థాయిలాండులో సజీవంగా ఒక పిట్ట పట్టుబడగా, దాని ఈకలను హ్యూమ్ నమూనాతో పోల్చి చూసి, ఆ జాతి నిజమేనని తేల్చారు. చీటీతో భద్రపరచిన ఆ ఒక్క నమూనాయే 139 సంవత్సరాల తరువాత సాక్ష్యం పలికింది.

విద్యార్థులు హ్యూమ్ జీవితంనుంచి గ్రహించవలసింది ఇదే. చూచినదానిని చూచినట్లుగా, తేదీతో, స్థలంతో వ్రాసిపెట్టడం చిన్నపనిగా తోచవచ్చు. ఆ పని చేసినవాడు ఫలితాన్ని చూడకపోవచ్చు కూడా. కాని నిజాయితీతో వ్రాసిన ఒక్క చీటీ తరువాతి తరాలవారి చేతిలో ఆధారమవుతుంది. తన పట్టిక తాత్కాలికమని చెప్పుకొనగలిగిన ఆ వినయమే దానిని ఇతరులు కొనసాగించడానికి దారి చూపింది.