దీపానికి వలువ తొడిగిన శాస్త్రజ్ఞుడు

పాత పెట్రోమాక్సు దీపాలను, పంపుస్టవ్వులను సేకరించి బాగుచేసే అభిరుచి గలవారు నేడు అనేక దేశాలలో ఉన్నారు. అటకల మీదనో, పాతసామానుల దుకాణాలలోనో చిలుముపట్టి పడివున్న దీపాన్ని వారు ఎంతో ప్రీతితో ఇంటికి తెచ్చుకొంటారు. ఇత్తడి తొట్టెను తోమి తళతళలాడిస్తారు. ఎండి బిగుసుకొన్న పంపు తోలును నూనెలో నానబెట్టి మెత్తపరుస్తారు. ఆవిరి వెలువడే సన్నని రంధ్రంలోని మసిని సూదితో తీస్తారు. ఇంత నేర్పు గలవారికి సైతం ఆ దీపంలో బాగుచేయ శక్యంకాని వస్తువు ఒకటి ఉన్నది. అదే మాంటిల్ అనబడే తెల్లని చిన్న సంచి. ఒకసారి వెలిగినదంటే అది నూలుసంచి కాదు, బూడిద. వ్రేలు తగిలితే రాలిపోతుంది. అయినా దీపంలోని వెలుగంతా ఆ బూడిదదే. దానిని లోకానికి ప్రసాదించినవాడు ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాహ్.

ఔవర్ 1858 సెప్టెంబరు 1వ తేదీన వియన్నా నగరంలో జన్మించినాడు. తండ్రి ఆలోయిస్ ఔవర్ ఆ దేశపు ప్రభుత్వ ముద్రణాలయానికి అధిపతి. వెల్స్ అనే పట్టణంలో పుట్టి, స్వయంకృషితో పలు భాషలు నేర్చి, ప్రపంచంలోని నానాలిపుల అచ్చక్షరాలను ఆ ముద్రణాలయంలో సమకూర్చిన ఘనుడు. చెట్టు ఆకును మెత్తని సీసపు రేకుపై నొక్కి, దాని ఈనెలు సైతం అచ్చులో పడేటట్లు ముద్రించే విద్యకు ఆయన పేరుపొందినాడు. ఆయన సేవలకు మెచ్చి 1860లో చక్రవర్తి బిరుదమిచ్చినప్పుడు వెల్స్‌బాహ్ అనే పేరు ఆ వంశానికి చేరినది. 1869లో ఆయన మరణించేనాటికి కార్ల్‌కు పదకొండేండ్లయినా నిండలేదు. ఆకు తొలగిపోయి దాని రూపం మిగలడం తండ్రి విద్య. నూలు కాలిపోయి దాని రూపం మిగలడం తరువాతి కాలంలో కుమారుని విద్య అయినది. ఈ పోలిక యాదృచ్ఛికమే కావచ్చును గాని ముచ్చటైనది.

సైన్యంలో కొద్దికాలం పనిచేసి, వియన్నాలో చదివి, 1880లో ఔవర్ జర్మనీలోని హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లినాడు. అక్కడి ఆచార్యుడు రాబర్ట్ బున్సెన్. మన పాఠశాలల ప్రయోగశాలలలో బల్లమీద నిలిచివుండే బర్నరుకు పేరైనవాడాయనే. ఒక పదార్థాన్ని జ్వాలలో ఉంచి, దాని కాంతిని పట్టకం ద్వారా చీల్చి, అందులో కనిపించే రంగుల గీతలను బట్టి ఆ పదార్థమేదో చెప్పగలిగే వర్ణపట విద్యను స్థాపించినవారిలో బున్సెన్ ఒకడు. జ్వాలను చూచి మూలకాన్ని గుర్తించే ఆ దృష్టి గురువు నుండి శిష్యునికి అబ్బినది. 1882లో డాక్టరు పట్టం పొంది ఔవర్ వియన్నాకు తిరిగివచ్చినాడు. ఆచార్య లీబెన్ ప్రయోగశాలలో జీతంలేని సహాయకుడుగా కుదిరి, విరళ మృత్తికలు అనే మూలకాల కుటుంబాన్ని పరిశోధించడం మొదలుపెట్టినాడు.

ఇవి పేరుకు విరళాలే గాని భూమిలో అంత అరుదేమీ కావు. ఒకదాని నుండి మరొకటి విడదీయడమే దుర్ఘటం. గుణాలలో కవలపిల్లలవలె ఉంటాయి. 1841లో మోసాండర్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు వీటిలో ఒకదానికి కవల అనే అర్థం వచ్చేటట్లు డిడిమియం అని పేరు పెట్టినాడు. నలుబది సంవత్సరాలపాటు లోకం అది ఒక్క మూలకమేనని నమ్మినది. ఔవర్ దాని లవణాన్ని నీటిలో కరిగించి ఇగిర్చినాడు. ముందుగా ఏర్పడిన స్ఫటికాలను వేరుచేసి మరల కరిగించినాడు, మరల ఇగిర్చినాడు. నెలల తరబడి ఇదే పని. తుదకు ఒక పాత్రలో లేత ఆకుపచ్చని లవణం, మరొక పాత్రలో గులాబివన్నె లవణం నిలిచినవి. 1885లో ఆయన ఈ సంగతిని వియన్నా శాస్త్రపరిషత్తుకు నివేదించినాడు. ఆ రెండే ప్రసియోడిమియం, నియోడిమియం. మూలకాల పట్టికలో 59, 60 స్థానాలు వాటివి. అప్పటికాయనకు ఇరువదియేడేండ్లయినా నిండలేదు.

మాంటిల్ పుట్టినది ఈ పరిశోధనలోని ఒక చిన్న ఇబ్బంది నుండి. వర్ణపటం చూడడానికి ప్లాటినం తీగ కొసన లవణపు పూస ఉంచి జ్వాలలో పెట్టడం వాడుక. ఆ పూస చిన్నది, దాని వెలుగు చాలడంలేదు. వెడల్పు పెరిగితే వెలుగు పెరుగుతుందని తలచి ఔవర్ నూలుపోగులను లవణద్రావణంలో ముంచి జ్వాలలో ఉంచినాడు. నూలు కాలిపోయినది. కాని పోగుల రూపం చెక్కుచెదరక తెల్లని భస్మంగా నిలిచి, తీవ్రంగా ప్రకాశించినది. ప్రయోగశాలలో ఇటువంటి వింతలు ఎందరికో కనబడివుండవచ్చును. దీనిని దీపంగా చూడగలిగినది మాత్రం ఔవర్. అదే 1885లో ఆయన దీనికి పేటెంటు పొందినాడు.

ఆనాటి పాశ్చాత్యనగరాలలో వీధిదీపాలు బొగ్గు నుండి తీసిన గ్యాసుతో మండేవి. ఎడిసన్ విద్యుద్దీపం 1879లో వెలువడిన పిమ్మట గ్యాసు కంపెనీలకు దిగులు పట్టుకొన్నది. అటువంటి సమయంలో ఔవర్ దీపం వారికి ఆశాజనకమైనది. 1887లో వియన్నా సమీపాన ఉన్న అట్స్‌గెర్స్‌డోర్ఫ్‌లో కర్మాగారం నడక మొదలైనది. కాని ఆ మాంటిళ్లు జనానికి నచ్చలేదు. లాంథనం, జిర్కోనియం లవణాలతో చేసిన వాటి వెలుగులో పచ్చదనపు ఛాయ ఉండేది. ఆ వెలుగులో మనుష్యుల ముఖాలు రోగిష్ఠి ముఖాలవలె తోచేవి. దానికి తోడు కొద్ది రోజులకే పగిలిపోయేవి. కొన్నవారు విసిగినారు, పెట్టుబడి పెట్టినవారు వెనుకకు తగ్గినారు. 1889లో వ్యాపారం కూలిపోయినది. ముప్పదియొక్క సంవత్సరాల వయస్సులో ఔవర్ చేతిలో మిగిలినది, లోకం వద్దన్న దీపం.

మరొకడైతే రెండు మూలకాల కీర్తితో ఆచార్యపదవి చూచుకొని స్థిరపడివుండును. ఔవర్ ప్రయోగశాలకే మరలినాడు. థోరియం అనే లోహపు ఆక్సైడుతో చేసిన మాంటిల్ గట్టిగా ఉండి తెల్లని వెలుగునిస్తున్నట్లు ఆయన గమనించినాడు. రసాయనశాస్త్రజ్ఞునికి సహజమైన కోరిక ప్రకారం ఆ థోరియాన్ని ఇంకా శుద్ధిచేసినాడు. చిత్రం ఏమంటే, శుద్ధి పెరిగినకొలది వెలుగు తరిగినది! పరిశుద్ధమైన థోరియం మాంటిల్ దాదాపు మిణుకుమిణుకుమన్నది. జీవితమంతా కల్మషాలను తొలగించే విద్యకే అంకితమైనవానికి ఇంతకంటె కలవరపెట్టే ఫలితం మరొకటి ఉండబోదు. ఆయన తన సహచరుడు లుడ్విగ్ హైటింగర్‌తో కలసి, తాను పారవేసిన కల్మషంలోనే కారణం వెదకినాడు. అది సీరియం. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు థోరియం ఆక్సైడు, ఒక్క పాలు సీరియం ఆక్సైడు కలిపితే వెలుగు పరాకాష్ఠ నందుకొన్నది. సీరియం పాలు ఏ కొంచెం హెచ్చినా తరిగిపోయినది.

విద్యార్థులు దీని మర్మాన్ని తెలిసికొనదగును. వేడెక్కిన వస్తువు తన శక్తిలో అధికభాగాన్ని కంటికి కనబడని ఉష్ణకిరణాలుగా వ్యర్థం చేస్తుంది. థోరియం ఆక్సైడు ఉష్ణకిరణాలను చాల తక్కువగా వెలువరిస్తుంది, కనుక జ్వాలలో మిక్కిలి వేడెక్కుతుంది. అయితే వెలుగూ తక్కువే ఇస్తుంది. సీరియం ఆక్సైడుకు కంటికి కనబడే కాంతిని వెలువరించే గుణం ఉన్నది. అది థోరియపు వేడిని పుచ్చుకొని కాంతిగా మారుస్తుంది. ఎక్కువైనచో తానే వేడిని వెదజల్లి మాంటిల్‌ను చల్లబరుస్తుంది.

1891 నవంబరు 4వ తేదీ సాయంకాలం వియన్నాలోని ఓపెరా కాఫీశాల ఎదుట ఈ కొత్త మాంటిళ్లు వెలిగినవి. ఈసారి వాటిని లోకం వద్దనలేదు. కొద్ది సంవత్సరాలలో యూరపు, అమెరికా నగరాల వీధులు, ఇండ్లు వాటితో నిండినవి. విద్యుద్దీపాల వ్యాప్తి కొంతకాలం మందగించినదంటే ఈ గుప్పెడు బూడిద ప్రభావమే.

థోరియం లభించే మోనజైటు ఇసుకకు గిరాకి పుట్టి బ్రెజిల్ సముద్రతీరం ప్రసిద్ధికెక్కినది. ఈ కథలోనికి మన దేశం ప్రవేశించినదిక్కడనే. 1909లో షోంబర్గ్ అనే జర్మను రసాయనజ్ఞుడు తిరువాన్కూరు నుండి వచ్చిన కొబ్బరిపీచుకు అంటుకొన్న ఇసుకలో మోనజైటును గుర్తించినాడు. బ్రెజిల్ ఇసుకకంటె అందులో థోరియం అధికం. స్వాతంత్ర్యానంతరం 1950లో స్థాపితమైన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఆ ఇసుకనే శుద్ధిచేయనారంభించినది. మన విశాఖపట్నం, భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఈ ఖనిజమున్నది.

ఔవర్ మాంటిల్‌ను చేసినది గొట్టాలద్వారా గ్యాసు వచ్చే నగరాలకోసం. గ్యాసులేని పల్లెకు, అడవిలోని గుడారానికి అది చేరడానికి మరొకరి విద్య తోడుపడవలసివచ్చినది. 1892లో స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ ప్రైమస్ స్టవ్వును రూపొందించినాడు. తొట్టెలో కిరసనాయిలు పోసి పంపుతో గాలి కొడితే, నూనె వేడి గొట్టంలోనికి ఎగసి ఆవిరియై, వత్తిలేకుండ, మసిలేకుండ నీలిమంటతో మండుతుంది. దక్షిణధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం వంట ఈ స్టవ్వుమీదనే జరిగినది. స్టవ్వులోని ఆ జ్వాలకు ఔవర్ మాంటిల్ తగిలిస్తే దీపమౌతుంది. బెర్లినులో మాక్స్ గ్రెట్స్ ఈ తీరున చేయించిన దీపానికి పెట్రోలియం అనే మాటకు తన పేరు చేర్చి పెట్రోమాక్సు అని పేరుపెట్టినాడు. సేకరణకారుల బీరువాలో స్టవ్వు, దీపం పక్కపక్కనే ఉండడానికి ఈ బంధుత్వమే కారణం.

మన పల్లెలలో పెండ్లి ఊరేగింపు, హరికథ, వీధినాటకం ఆ దీపాలు లేనిదే సాగేవికావు. తలమీద దీపం మోసేవాని నడక వెంట ఊరేగింపంతా నడిచేది. నాటకం మధ్య వెలుగు తగ్గితే రాజు రాజదండం దించి నిలుచుండగా ఎవరో వచ్చి గాలి కొట్టిపోయేవారు. జనం దానిని గ్యాసులైటు అన్నారు. లోపల మండేది నూనె ఆవిరియే గనుక ఆ పేరు పొరపాటేమీ కాదు.

కీర్తి, ధనం రెండూ వచ్చిన తరువాత కూడ ఔవర్ విశ్రమించలేదు. తన మాంటిల్‌కు పోటీయైన విద్యుద్దీపాన్ని తానే మెరుగుపరచబూనినాడు! ఆస్మియం లోహపు తంతువుతో 1898లో విద్యుద్దీపానికి పేటెంటు పొందినాడు. ఆస్మియం మిక్కిలి అరుదు. తుదకు టంగ్‌స్టన్ దాని స్థానమాక్రమించినది. ఆస్మియం, టంగ్‌స్టనుకు జర్మను పేరైన వోల్‌ఫ్రామ్, ఈ రెండు మాటల కలయికతో 1906లో ఏర్పడిన ఓస్రామ్ అనే వ్యాపారనామం ఆ ప్రయత్నానికి గుర్తుగా మిగిలినది.

మోనజైటునుండి థోరియం తీసిన తరువాత సీరియం మొదలైనవి కుప్పలుగా మిగిలిపోయేవి. ఒక పాలే గదా కావలసినది! ఆ వ్యర్థాన్ని లోహంగా మార్చి ఇనుము కలిపితే, గీసినంతనే నిప్పురవ్వలు చిమ్మే మిశ్రలోహం వచ్చినది. 1903లో దీనికి పేటెంటు పొంది, 1907లో కారింథియా ప్రాంతంలోని ట్రైబాహ్‌లో కర్మాగారం స్థాపించినాడు. నేటికీ సిగరెట్టు లైటరులో ఉండేది ఆ చెకుముకియే. గుడారంలో దీపం వెలిగించేవాడు గీసే రవ్వ, వెలిగే మాంటిల్ రెండూ ఒక్కని చేతి చలవయే.

ఒక్క విషయంలో ఆయనకు న్యాయం దక్కలేదని ఆస్ట్రియనులు చాలకాలం బాధపడినారు. యిటర్బియం కూడ రెండు మూలకాల కలయికయేనని 1905 నుండి ఔవర్ చెప్పుచూవచ్చినాడు. ఒక నక్షత్రం, ఒక నక్షత్రరాశి పేర్లతో వాటికి ఆల్డెబరానియం, కాసియోపియం అని నామకరణం చేసినాడు. ఇంతలో 1907లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి ఉర్బేన్ అదే ఫలితాన్ని ప్రకటించినాడు. 1909లో అంతర్జాతీయ సంఘం ఉర్బేన్‌కే ప్రాథమ్యమిచ్చినది. నేటి పట్టికలో 71వ మూలకం ఆయన పెట్టిన లుటీషియం పేరుతోనే ఉన్నది. తీర్పు చెప్పిన సంఘంలో ఉర్బేన్ కూడ సభ్యుడు కావడం తగని పనియే. జర్మను గ్రంథాలు కాసియోపియం అనే పేరును దశాబ్దాలపాటు వదలలేదు.

1899లో మారీ నింఫర్‌ను వివాహమాడిన ఔవర్, కారింథియా కొండలలో కట్టుకొన్న భవనంలో ప్రయోగశాలను, ఉద్యానాన్ని పెంచుకొంటూ గడిపినాడు. 1901లో బారన్ పదవి లభించినది. 1929 ఆగస్టు 4వ తేదీన ఆ భవనంలోనే కన్నుమూసినాడు. డెబ్బదియొకటవ ఏడు నిండడానికి నెలరోజులు కూడ లేదు. 1956లో ఆస్ట్రియా జాతీయ బ్యాంకు 20 షిల్లింగుల నోటుపై ఆయన చిత్రాన్ని వేసినది. ముద్రణాలయాధిపతి కుమారునికి తగిన గౌరవమే. ఆయన విడదీసిన గులాబివన్నె లవణంలోని నియోడిమియం నేటి బలమైన అయస్కాంతాలలో ప్రధానద్రవ్యం.

థోరియంలో రేడియోధార్మికత ఉన్నదని 1898లో తెలియవచ్చినది. అందుచేత తరువాతి కాలంలో పలువురు తయారీదారులు థోరియం వదలి యిట్రియం వాడినారు. పాత దీపం బాగుచేసేవారు దానిలోని పాత మాంటిల్ ధూళిని పీల్చక, తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుగుకొనడం మంచిది. ఆపైన కొత్త సంచిని కట్టి, నిప్పు తగిలించి, అది పొగలు చిమ్మి నల్లబడి తెల్లని భస్మమయ్యేవరకు ఆగవలె. అప్పుడు నెమ్మదిగా పంపు కొట్టవలె.