శిక్షకుడు రహీం

హైదరాబాదు నగరమున 1909 వ సంవత్సరమున సయ్యద్ అబ్దుల్ రహీం జన్మించెను. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. తరగతిలో పాఠములు చెప్పిన ఓర్పుతోనే మైదానమున యువకులకు ఫుట్‌బాల్ నేర్పెను. బంతిని తనయొద్దనే నిలుపుకొని మెప్పు పొందగోరుట జట్టుకు కీడని ఆయన తలంపు. అందుచే బంతిని వెంటనే తోడివానికి అందించుటయు, రెండు పాదములతోను తన్నుటయు అలవాటు చేసెను. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మారులు రోవర్స్ కప్పు గెలుచుకొనెను.

1952 లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గా ఓడిపోయెను. మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. రహీం ఆ పరాభవమునకు క్రుంగక, ఐరోపా జట్ల ఆటతీరును శ్రద్ధగా పరిశీలించి శిష్యులను తీర్చిదిద్దెను. 1956 లో మెల్‌బోర్న్ నగరమున మనజట్టు ఆస్ట్రేలియాను 4-2 గా ఓడించి, తుదకు నాలుగవ స్థానము పొందెను.

1962 లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన దేహమును క్యాన్సర్ వ్యాధి పట్టి పీడించుచుండెను. తొలి పోటీలో దక్షిణ కొరియా మనలను 2-0 గా గెలిచెను. పిమ్మట రక్షకుడైన జర్నైల్ సింగు తలకు గాయమయ్యెను. రహీం వెనుదీయక అతనిని ముందువరుసలో నిలిపెను. సెప్టెంబరు 4 వ తేదీన ప్రేక్షకులు ఎదురుపక్షమునకు జేకొట్టుచుండగా, పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగు చెరియొక గోలు చేసిరి. దక్షిణ కొరియాపై 2-1 గా గెలిచి భారతదేశము స్వర్ణపతకము నందెను.

మరుసటి సంవత్సరము జూన్ 11 వ తేదీన రహీం కన్నుమూసెను. ఆ పోటీలలో ఆయన బంతిని తాకలేదు; అయినను ఆ విజయములలో ఆయన శ్రమ కలదు. గురువు కీర్తి శిష్యుల విజయమున నిలుచును.